ట్రంపెట్ ఊదే నోటికి పళ్ళు కట్టడం: ఒక కేసు

ఈ కేసు రాస్తానంటే పేషెంటు సరేనన్నారు. "నా పేరు వద్దు. బంక్ పేరు మాత్రం వదలొద్దు" అన్నారు. అందుకని ఇందులో ఆయనకు పేరు లేదు. గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని తీసేశాను, కొన్ని మార్చాను. బంక్ జాన్సన్, జో ఆలివర్ మాత్రం అసలు పేర్లతోనే ఉంటారు. జాజ్ తొలినాళ్ళ ట్రంపెట్ వాద్యకారులు వాళ్ళిద్దరూ. ఆలివర్ 1938లో, జాన్సన్ 1949లో పోయారు. ఈ కేసులో నేను చేసిన రెండు తప్పులూ, ఒక మంచి పనీ వాళ్ళ కథలు వినడం, వినకపోవడం మీదే నడిచాయి.

నేపథ్యం

నేను చదువుకున్నది గుంటూరు వైపు, ప్రాక్టీసు న్యూ ఆర్లీన్స్‌లో. కట్టుడు పళ్ళు, ఇంప్లాంట్లు (పళ్ళు నిలబెట్టడానికి దవడ ఎముకలో దించే స్క్రూలు) నా పని. మా ఊరి పెళ్ళిళ్ళలో నాదస్వరం ఊదేవాళ్ళ బుగ్గలు ఉబ్బడం వింతగా చూస్తూ పెరిగినదాన్నే గానీ, వాళ్ళ పళ్ళ గురించి ఒక్కసారీ ఆలోచించలేదు. ఈ ఊళ్ళో ఆలోచించక తప్పదు. ఇక్కడ ఆదివారం మధ్యాహ్నం బ్రాస్ బ్యాండు వీధిలో నడుస్తుంటే వెనక జనం ఆడుతూ వస్తారు, దాన్ని సెకండ్ లైన్ అంటారు. శవయాత్రలోనూ బ్యాండే. గంటల తరబడి నడుస్తూ, ఎండలో ఊదుతారు.

పేషెంటు అరవై నాలుగేళ్ళ ట్రంపెట్ వాద్యకారుడు. పన్నెండో ఏట మొదలుపెట్టారు. చాలా ఏళ్ళు పగలు ఉద్యోగం, రాత్రి బ్యాండు. రిటైరయ్యాక బ్యాండు మీద వచ్చే డబ్బే ఇంటికి ఆసరా. పదేళ్ళుగా షుగరుంది. సిగరెట్లు మానేసి ఆరేళ్ళయింది. ఆయన వాయించేవి 1910లు, 20ల నాటి పాటలు, ఆ పాత పద్ధతిలోనే. ఆ కాలపు ట్రంపెట్ వాళ్ళ పుట్టుపూర్వోత్తరాలన్నీ ఆయనకు కంఠతా. నాకు తెలిసింది లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ ఒక్కడే.

కేసులోకి వెళ్ళేముందు ట్రంపెట్ గురించి ఒక్క మాట. ఆ గొట్టంలోకి గాలి ఊదితే చప్పుడు రాదు. మౌత్‌పీస్‌కు ఆనించిన పెదవులు వణకాలి. ట్రంపెట్ వాళ్ళు 'హై సి' అనే స్వరం ఊదినప్పుడు పెదవి సెకనుకు సుమారు 932 సార్లు వణుకుతుంది. అంత వేగంగా వణికే పెదవికి వెనక గట్టి గోడ కావాలి. ఆ గోడ పై ముందుపళ్ళు. స్వరం పైకి వెళ్ళేకొద్దీ, అలసట ముదిరేకొద్దీ, వాయించేవాడు తెలియకుండానే మౌత్‌పీస్‌ను ఆ గోడకేసి అదుముతాడు. మన పళ్ళు నిలువు బరువుకు తయారైనవి, నమలడానికి. ఎదురుగా వచ్చే తోపుకు కాదు.

వచ్చిన సమస్య

"పై స్వరాల్లో గాలి కారుతోంది డాక్" అన్నారు మొదటిరోజు. నొప్పి లేదు. తినడానికి ఇబ్బంది లేదు. రెండు నెలల్లో స్వరం మెత్తబడిందని బ్యాండువాళ్ళు అన్నారట.

ముందు పెదవి చూశాను. ట్రంపెట్ వాళ్ళలో పెదవి చుట్టూ ఉండే కండరం చిట్లడం ఉంది. ఆర్మ్‌స్ట్రాంగ్ పెదవి పాడైన సంగతి జగమెరిగినదే కాబట్టి, 1980లలో ఒక ప్లాస్టిక్ సర్జన్ దానికి ఆయన ముద్దుపేరుతోనే 'సాచ్మో సిండ్రోమ్' అని పేరు పెట్టాడు. ఈయన కండరం బాగుంది. పెదవి లోపల పుండ్లు లేవు.

సంగతి పళ్ళలో ఉంది. పై ముందుపళ్ళు నాలుగూ వేలితో తోస్తే కదులుతున్నాయి. నడిమి రెండింటి మధ్య సందు పడింది, ఎడమది కొంచెం తిరిగి ముందుకొచ్చింది. ఎక్స్‌రేలో ఆ పళ్ళ చుట్టూ ఎముక మూడింట రెండొంతులు కరిగిపోయి ఉంది. వెనక మిగిలిన పై దంతాలూ అంతంతమాత్రమే. కింది పళ్ళు నయం. మూడు నెలల షుగరు సగటు (HbA1c) 8.9, ఎక్కువే. ముదిరిన చిగుళ్ళ జబ్బు అన్నమాట. పాతకాలం వాళ్ళు పయోరియా అనేవారు.

ఆ మాట అనగానే ఆయన కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. "అయితే నాదీ జో ఆలివర్ జబ్బేనా?"

జో ఆలివర్ ఎవరో నాకు తెలియదని చెప్పాల్సి వచ్చింది. ఆ రోజు వెయిటింగ్ రూములో జనం లేరు. చెప్పనిచ్చాను.

'కింగ్' ఆలివర్ ఈ ఊళ్ళో కార్నెట్ (ట్రంపెట్ లాంటిదే, కాస్త పొట్టిది) వాయించి పేరు తెచ్చుకుని, 1918లో షికాగో వెళ్ళాడు. 1922లో తన బ్యాండులో రెండో కార్నెట్‌కి న్యూ ఆర్లీన్స్ నుంచి ఒక కుర్రాణ్ణి పిలిపించుకున్నాడు. ఆ కుర్రాడే ఆర్మ్‌స్ట్రాంగ్. 1923 ఏప్రిల్‌లో ఇండియానాలోని రిచ్‌మండ్‌లో వాళ్ళు చేసిన రికార్డులే జాజ్‌కి తొలి గట్టి పునాది అని మా పేషెంటు వాదన, కాదనే వాళ్ళు తక్కువే. ఆ తర్వాత ఆలివర్ చిగుళ్ళు పాడవడం మొదలైంది. 1920లు ముగిసేసరికి, తన పేరుతో వెలువడిన రికార్డుల్లోనే చాలాచోట్ల ట్రంపెట్ వేరేవాళ్ళది. కొన్నిటిలో మేనల్లుడిది. పళ్ళు పోయాయి. బ్యాండు బస్సు చెడిపోయి, డబ్బులేక, జార్జియాలోని సవానాలో ఆగిపోయాడు. పళ్ళ దుకాణం పెట్టాడు, ఒక పూల్ హాలు ఊడ్చాడు. 1938లో అక్కడే పోయాడు. (పళ్ళ దుకాణం అంటే తినే పళ్ళు. ఈ వాక్యం చెప్తున్నప్పుడు ఆయనా నవ్వలేదు, నేనూ నవ్వలేదు. తెలుగులో రాస్తుంటే ఇప్పుడు గుచ్చుకుంటోంది.)

ఆలివర్ రొట్టెలో చక్కెర పెట్టుకుని తినేవాడని, అందుకే పళ్ళు పోయాయని ఇక్కడి వాయిద్యకారుల్లో ఒక మాట ఉంది. చక్కెర పుప్పి తెస్తుంది. ఎముకను కరిగించే చిగుళ్ళ జబ్బుకు అది నేరుగా కారణం కాదు. పైగా ఆ రోజుల్లో పయోరియాకు వైద్యం అంటే ఎక్కువగా పళ్ళు పీకడమే. ఆలివర్ ఎదుట ఉన్న దారులు రెండే: వదులు పళ్ళతో ఊదడం, పళ్ళు లేకుండా మానేయడం. మా పేషెంటుకు మూడో దారి ఉందని ఆ రోజు ధైర్యంగా చెప్పాను. ఎలాంటి దారో నాకే తెలియకుండా.

మొదట చేసినది: పళ్ళు కాపాడటం

పళ్ళు ఉంచాలా, తీయాలా? పుస్తకం ప్రకారం మూడింట రెండొంతులు ఎముక పోయిన పన్ను మీద ఆశ తక్కువ. అయినా ఉంచుదామనుకున్నాను. సొంత పన్నుకు, ఎముకకు మధ్య సన్నని పొర ఉంటుంది. ఎంత గట్టిగా అదుముతున్నామో మెదడుకు చెప్పేది ఆ పొరే. పన్ను పీకితే ఆ కబురు ఆగిపోతుంది. యాభై ఏళ్ళ సాధన ఆ కబురు మీద నిలబడి ఉంది. కాబట్టి కొన్నేళ్ళు నెట్టుకొచ్చినా లాభమే అని నా లెక్క.

చిగుళ్ళ లోతు దాకా శుభ్రం చేశాం. షుగరు డాక్టరుతో మాట్లాడి మందులు మార్పించాం. కదిలే నాలుగు పళ్ళనూ కోరపళ్ళతో కలిపి వెనకనుంచి సన్నని తీగతో కట్టాను. ఆ తీగ ల్యాబులో వంచడానికి పై పళ్ళకు అచ్చు తీశాను. ఆ అచ్చులో పోసిన రాతిపొడి నమూనాను పని అయ్యాక పారేయాలి. బద్ధకించి అలమారులో పెట్టాను. ఈ మొత్తం కేసులో నేను చేసిన అతి తెలివైన పని ఆ బద్ధకమే.

ఆరేడు నెలలు బాగా నడిచింది. ఆయన స్వరం తిరిగి వచ్చిందన్నారు. తర్వాత మార్డి గ్రా వచ్చింది. ఆ పండుగ రోజుల్లో ఈ ఊరి బ్యాండువాళ్ళకు తీరిక ఉండదు, ఊరేగింపు మీద ఊరేగింపు. పండుగ అయిన మరుసటి వారం ముందు చిగురంతా వాచి, చీముతో వచ్చారు. తీగ చెక్కుచెదరలేదు. దాంతో కట్టిన ఆరు పళ్ళూ కలిసి ఊగుతున్నాయి.

నా తప్పు ఎక్కడుందో చూసుకున్నాను. తీగ వేస్తే బరువు ఆరు పళ్ళకు సమంగా పంచుతుందనుకున్నాను. అది నమిలే బరువు విషయంలో నిజం. ఎదురుతోపు విషయంలో, బలహీనమైన నాలుగూ గట్టిగా ఉన్న రెండు కోరపళ్ళను కూడా లాక్కుపోయాయి. ఇంకో తప్పు చిన్నదిగా కనిపిస్తుంది గానీ నా దృష్టిలో అదే పెద్దది: రోజుకు ఎన్ని గంటలు ఊదుతారని అడగలేదు. కాఫీ ఎన్నిసార్లు తాగుతారో అడిగాను, సిగరెట్ ఎప్పుడు మానేశారో అడిగాను. ఆ పళ్ళ మీద రోజూ ఎంత పని పడుతోందో అడగలేదు.

రెండోది: అందమైన సెట్టు, పనికిరాని సెట్టు

పై పళ్ళన్నీ తీయక తప్పలేదు. వెంటనే ఇంప్లాంట్లు వేయొచ్చా అని ఆలోచించాను. చీము పట్టిన ఎముక, 8 దాటిన షుగరు. వద్దనుకున్నాను, ఆ నిర్ణయం ఇప్పటికీ సరైనదే అనుకుంటున్నాను. పళ్ళు తీసిన రోజే పెట్టే మామూలు పై సెట్టు చేశాను. గాయం మానాక దాన్ని సరిచేసి, చివరకు కొత్తది చేశాను.

ఆ కొత్తది నేను చేసిన మంచి సెట్లలో ఒకటి. నడిమి గీత ముక్కుకు సరిగ్గా కింద, పళ్ళు వరసగా, నవ్వితే ఎంత కనిపించాలో అంత. ఆయన భార్య అద్దం ముందు నిలబెట్టి ఫొటో తీశారు. మాట స్పష్టంగా ఉంది. వేయించిన చికెన్ తినగలుగుతున్నారు.

ట్రంపెట్ ఎత్తితే నాలుగు నిమిషాలు.

మౌత్‌పీస్ ముందుపళ్ళను నెడుతుంది. ముందు నెడితే సెట్టు వెనక అంచు అంగిలి నుంచి జారుతుంది. ఆ అంచు దగ్గర ఉమ్మితో ఏర్పడే బిగువే సెట్టును పట్టి ఉంచేది. అది ఒకసారి విడిస్తే నోట్లో ఉన్న గాలి అంచు కింద దూరుతుంది. అప్పుడు సెట్టు ఊదేవాడి నాలుక మీద కూర్చుంటుంది. అంటించుకునే పేస్టు ఇచ్చాను. ఊదేటప్పుడు ఊరే ఉమ్మికి పది నిమిషాలు ఆగింది. ఇంకా మందంగా వేయమన్నాను. పెదవి కింద ఉబ్బెత్తుగా తయారై, ఉన్న కాస్త పట్టూ పోయింది.

ఇక్కడ నేను మొండికేశాను, ఒప్పుకోవాలి. "అలవాటు పడాలి, టైమ్ ఇవ్వండి" అని రెండు నెలలు అన్నాను. ఎవరు సెట్టు పెట్టుకున్నా మొదట్లో అనే మాటే అది. ఆయన ఏమీ అనలేదు. రావడం మానేశారు. బ్యాండులో పాడుతున్నారని, పెద్ద డ్రమ్ము కొడుతున్నారని తర్వాత తెలిసింది.

బంక్ జాన్సన్ దగ్గర దొరికిన దారి

నాలుగు నెలల తర్వాత కింది పన్ను నొప్పని వచ్చారు. వెళ్తూ వెళ్తూ అన్నారు: "బంక్‌కి పళ్ళు కట్టిన డాక్టరు ట్రాంబోన్ వాయించేవాడు, తెలుసా?"

ఆయన అప్పటికి చాలాసార్లు బంక్ పేరెత్తారు. నేను ఊ కొడుతూ వచ్చాను. ఆ రోజు అడిగి వివరంగా తెలుసుకున్నాను, తర్వాత నేనే చదివాను.

విల్లీ 'బంక్' జాన్సన్ న్యూ ఆర్లీన్స్ తొలితరం ట్రంపెట్ వాళ్ళలో ఒకడు. జాజ్‌కు ఆద్యుల్లో ఒకడైన బడీ బోల్డెన్‌తో వాయించానని చెప్పుకునేవాడు. తర్వాత ఊరు వదిలి, లూసియానా పల్లెపట్టుల్లో, సర్కసుల్లో, తిరుగుడు నాటక బృందాల్లో బతికాడు. 1931లో రేన్ అనే ఊళ్ళో డాన్స్ జరుగుతుండగా, ఆయన ఉన్న బ్యాండు నాయకుడు ఇవాన్ థామస్‌ను వేదిక మీదే పొడిచి చంపారు. ఆ గొడవలో బంక్ ట్రంపెట్ నాశనమైంది. ఆ కాలంలోనే పళ్ళూ పోయాయి. న్యూ ఐబీరియా అనే చిన్న ఊళ్ళో ట్రక్కు నడుపుతూ, వరి పొలాల్లో పనిచేస్తూ ఉండిపోయాడు. 1930ల చివర్లో జాజ్ చరిత్ర వెతుకుతున్న వాళ్ళు కొందరు ఉత్తరాలతో ఆయన్ను పట్టుకున్నారు. నాకు పళ్ళు, ఒక ట్రంపెట్ ఇప్పించండి, మళ్ళీ వాయిస్తాను అన్నది ఆ ఉత్తరాల్లో ఆయన మాటల సారం. వాళ్ళలో ఒకడైన విలియం రసెల్, ఇంకొందరు డబ్బు పోగుచేశారు. పళ్ళు కట్టింది లెనర్డ్ బెషె, క్లారినెట్ విద్వాంసుడు సిడ్నీ బెషెకి అన్న. ఆయన దంతవైద్యుడు, ట్రాంబోన్ వాద్యకారుడు కూడా. 1942 జూన్‌లో బంక్ మొదటిసారి రికార్డు చేశాడు. యవ్వనంలో ఆయన వాయించినది ఒక్క రికార్డూ లేదు. అంటే ఇవాళ మనకు వినిపించే బంక్ జాన్సన్ అంతా కట్టుడు పళ్ళతో వాయించిన బంక్ జాన్సనే.

ఈ చివరి సంగతి దంతవైద్యురాలిగా నన్ను పట్టేసింది. నేను ఆ రికార్డులు విన్నాను. సంగీతం తెలిసి కాదు, సెట్టు ఎలా పనిచేస్తోందో విందామని. ఎక్కువగా నడిమి స్వరాల్లోనే ఉంటాడు. పాట వరసను తిన్నగా, ఆచితూచి చెప్తాడు. మధ్యలో ఆగి క్లారినెట్‌కు దారిస్తాడు. అది ఆయన శైలి అంటారు విమర్శకులు, కావచ్చు. నాకు మాత్రం ఆ ఖాళీల్లో సెట్టు మళ్ళీ అంగిలికి సర్దుకుంటున్నట్టు తోచింది. ఇది ఊహే, రుజువు చేయలేను.

లెనర్డ్ బెషె ఆ సెట్టు ఎలా చేశాడో తెలిసే దారి నాకు లేదు. కానీ మౌత్‌పీస్ పన్ను మీద ఎక్కడ ఆనుతుందో, ఎంత తోస్తుందో ఆయన తన నోటితో ఎరుగును. నేను ఎరగను. అందుకని ఒక పాత ట్రంపెట్ అద్దెకు తెచ్చుకుని మూడు వారాలు ఇంట్లో ఊదాను. మా పిల్లలు తలుపులు వేసుకున్నారు. వచ్చిన స్వరాలు నాలుగో, అయిదో. కానీ తెలుసుకున్నది చాలా ఉంది. బరువు పళ్ళ అంచు మీద పడదు, కొంచెం పైన, చిగురు దగ్గర పడుతుంది. పెదవికి, పన్నుకు మధ్య జాగా ఒక్క మిల్లీమీటరు మారినా గాలి దారి మారిపోతుంది. నాలుకతో 'తు, తు' అని స్వరాలు విడగొట్టేటప్పుడు అంగిలి మందం అడ్డొస్తుంది. నేను చేసిన అందమైన సెట్టు ఈ మూడింటికీ అడ్డుగా ఉంది.

తర్వాత ఆయన్ను పాత సెట్టుతోనే క్లినిక్‌లో ఊదమన్నాను, పక్కనుంచి ఫోన్‌లో వీడియో తీశాను. మౌత్‌పీస్ మధ్యలో లేదు. ఎడమవైపు జరిగి ఉంది. సెట్టు వల్లనా అని అడిగితే, "కాదు, పదిహేనేళ్ళ వయసు నుంచీ అంతే" అన్నారు. ఎందుకు? ఎడమ నడిమి పన్ను కాస్త తిరిగి ఉండేది. ఆ వంపు మీద ఆయన పెదవి ఇంటిని కట్టుకుంది. జబ్బువల్ల కొంత జరిగింది నిజమే, కానీ ఆ తిరుగుడు ముందునుంచీ ఉన్నదే. నేను దాన్ని లోపం అనుకుని తిన్నగా చేసిపారేశాను.

అలమారు తెరిచి రాతిపొడి నమూనా తీశాను. దుమ్ము తుడిచి చేతిలో పెడితే, ఆయన వేలితో ఆ పన్ను తడిమి "ఇదే" అన్నారు.

పనిచేసినది

అప్పటికి షుగరు 7.1కి దిగింది. పై దవడలో నాలుగు ఇంప్లాంట్లు వేయాలని నిర్ణయించాం. వాటి మీద శాశ్వతంగా బిగించే పళ్ళు కాకుండా, టిచ్ బటన్‌లా క్లిక్ అయి, ఇంట్లో తీసి కడుక్కునే సెట్టు. కారణాలు రెండు. బిగించిన పళ్ళయితే ఎదురుతోపు మొత్తం స్క్రూల మీదకు పోతుంది. సెట్టయితే కొంత బరువు అంగిలి, చిగురు పంచుకుంటాయి. రెండోది, పన్ను స్థానం నచ్చకపోతే సెట్టును మార్చడం తేలిక. నేను అప్పటికే ఒకసారి తప్పాను, మళ్ళీ తప్పనన్న నమ్మకం లేదు.

ఇంప్లాంట్లు ఎముకలో అతుక్కునేదాకా ఆరు నెలలు ట్రంపెట్ ముట్టొద్దన్నాను. మామూలుగా అంతకన్నా తక్కువ సరిపోవచ్చు. షుగరు, పలచని ఎముక చూసి ఎక్కువ చెప్పాను. ఈ దశలో ఆయన బంక్ కథ ఎత్తారు: "అరవై మూడేళ్ళకు ఆయన మళ్ళీ మొదలుపెట్టాడు. నాకూ వస్తుంది." బంక్ తాను 1879లో పుట్టానని చెప్పుకున్నాడు, ఆ లెక్కన 1942లో అరవై మూడే. కానీ తర్వాత పాత కాగితాలు తిరగేసిన పరిశోధకులు ఆయన 1889 ప్రాంతంలో పుట్టి ఉంటాడన్నారు. అంటే పళ్ళు కట్టించుకున్నప్పుడు యాభై మూడు. పెదవి కండరానికి పదేళ్ళంటే మాటలు కాదు. చెప్పాలా వద్దా అని తటపటాయించాను. ఆయన ఆశ ఆ సంఖ్య మీద ఉంది. చివరకు చెప్పాను, ఎందుకంటే తర్వాత హై సి రాకపోతే తప్పు తన సాధనదే అనుకుని ఇంకా అదుముతారు, ఇంప్లాంట్లు పోతాయి. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "వయసు గురించి అబద్ధం చెప్పని ట్రంపెట్ వాడు లేడులే" అన్నారు.

ఆరు నెలల తర్వాత సెట్టు మొదలుపెట్టాం. మామూలుగా మైనంలో పళ్ళు అమర్చి, నవ్వించి, మాట్లాడించి చూస్తాం. ఈసారి నమూనాలో ఉన్నట్టే పళ్ళు అమర్చాను, ఎడమ పన్ను తిరుగుడుతో సహా. సందు మాత్రం మూసేశాను, అది జబ్బు తెచ్చింది కాబట్టి. మైనం సెట్టును చల్లటి నీళ్ళలో ఉంచి, పెట్టి, మెత్తగా ఒక్కొక్క స్వరం ఊదించాను. అరనిమిషానికోసారి తీసి మళ్ళీ నీళ్ళలో. లేకపోతే నోటి వేడికి మైనం మెత్తబడి పళ్ళు జరుగుతాయి. సెట్టు బయటి అంచు మీద రంగు పూసి, ఊదాక ఎక్కడ చెరిగిందో చూసి అక్కడ గీకాను. మూడు సిటింగులు పట్టింది. ఆయన చెప్పడం, నేను గీకడం. "కుడిపక్క ఇంకాస్త", "చాలు, చాలు". నా ముప్పై ఏళ్ళ ప్రాక్టీసులో పేషెంటు మాటకు ఇంతగా తలొంచిన రోజులు లేవు.

అంగిలి భాగాన్ని ప్లాస్టిక్‌తో కాక పలచని లోహపు రేకుతో చేయించాను. నాలుకకు జాగా మిగిలింది, పగిలే భయమూ తగ్గింది.

సెట్టు పెట్టిన రోజు నుంచి ఆయన ఊదాల్సినది రోజుకు అయిదు నిమిషాలు, నడిమి స్వరాల్లో మాత్రమే. వారానికి అయిదు నిమిషాలు పెంచుతూ పోవాలి. ఎంత అదుముతున్నారో చెప్పే పాత కబురు ఇక లేదు గనుక, వేరే గుర్తు పెట్టాం: ట్రంపెట్ దించగానే అద్దంలో పెదవి మీద గాడి చూసుకోవాలి. రెండు నిమిషాల్లో గాడి పోతే సరే, ఉండిపోతే ఆ రోజుకు ఆపేయాలి. ఈ గుర్తు నా సొంత ఆలోచన కాదు, ఆయన చిన్నప్పటి బ్యాండు మాస్టారు చెప్పినదట.

అయిదో నెలలో ఒక చర్చిలో రెండు పాటలు వాయించారు. ఎనిమిదో నెలలో బ్యాండుతో ఒక పూట. పూర్తి ఊరేగింపు ఇప్పటికీ వాయించడం లేదు, నేనూ ఒప్పుకోను. హై సి తిరిగి రాలేదు. దానికి రెండు మూడు మెట్ల కింద ఆగుతున్నారు. పాటల్లో పై భాగం క్లారినెట్‌కు వదిలేసి, తాను వరసను పట్టుకుని ఉంటున్నారు. "ఇప్పుడు అర్థమైంది బంక్ అలా ఎందుకు వాయించాడో" అన్నారు ఒకసారి. నా ఊహకు దొరికిన సాక్ష్యం అదొక్కటే. అది సాక్ష్యం కాదని నాకూ తెలుసు.

మళ్ళీ ఇలాంటి నోరు వస్తే

మొదటిరోజే వాయిద్యం తెమ్మంటాను. ఎన్ని గంటలు, నిలబడా, నడుస్తూనా, ఏ స్వరాల్లో అని అడుగుతాను. పళ్ళు ఇంకా నోట్లో ఉండగానే అచ్చు తీసి, ఊదుతున్నప్పటి వీడియో తీసి దాచుకుంటాను. వీలుంటే జబ్బుకు ముందు నాటి ఫొటోలు కూడా. బ్రాస్ వాయించే పేషెంట్లకు పళ్ళు బాగున్నప్పుడే ఈ నమూనా తీసి పెట్టమని ఇప్పుడు తోటి డాక్టర్లకు చెప్తున్నాను. ఖర్చు తక్కువ, పని పది నిమిషాలు. అచ్చు లేకుండా వచ్చినవాడికి ఏం చేస్తానంటే, నా దగ్గర మంచి జవాబు లేదు. ఊదిస్తూ, గీకుతూ, తప్పుతూ వెళ్ళాలి. ఇంకా ఎక్కువ సిటింగులు పడతాయని ముందే చెప్తాను.

తీగతో పళ్ళు కట్టడం పూర్తిగా వదలను. గంటలు తక్కువుండి, ఎముక సగమైనా మిగిలితే అది సరైన దారే. ఈయన విషయంలో కాదు. "అలవాటు పడాలి" అనే మాటకు మాత్రం గడువు పెట్టుకున్నాను: రెండు వారాలు. ఆ తర్వాత తప్పు సెట్టుదే అనుకుని మొదలుపెడతాను.

మొన్న చెకప్‌కి వచ్చినప్పుడు ఎడమవైపు బటన్‌లో రబ్బరు అరిగిపోయి ఉంది. మార్చాను, మూడు నిమిషాల పని. వెళ్ళేముందు అలమారు వైపు చూపించి ఆ రాతిపొడి నమూనా ఇస్తారా అని అడిగారు, ఇంట్లో పెట్టుకుంటారట. ఇవ్వలేదు. సెట్టు పగిలితే మళ్ళీ చేయాలి, నా దగ్గరున్న నమూనా అదొక్కటే. దానికి ఇంకో నకలు పోసి వచ్చే నెల ఇస్తానన్నాను.